పాత బుల్లెట్ లైటు ఎందుకు మసకబారుతుంది? మంచి వెలుగు ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: మా తాతయ్య దగ్గర చాలా పాత బుల్లెట్ ఉంది. రాత్రిపూట బండి నెమ్మదిగా పోతుంటే దాని లైటు ఎర్రగా, మసగ్గా ఉంటుంది. యాక్సిలరేటర్ ఇస్తే తెల్లగా వెలుగుతుంది. ఎందుకని? ఎల్‌ఈడీ బల్బు వేయిద్దామని మామయ్య అంటున్నాడు. ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి, వద్దని తాతయ్య అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
తొమ్మిదో తరగతి విద్యార్థిని, తిరువూరు

జవాబు: అమ్మాయీ, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పాత బండికి ఇప్పుడున్న వెలుగు చాలదని మామయ్య అనడం నిజమే. బల్బు ఒక్కటి మారిస్తే ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయని తాతయ్య భయపడడమూ నిజమే. ఎందుకో తెలియాలంటే కరెంటు పుట్టిన చోటు నుంచి బయలుదేరి, వైర్ల వెంట బల్బు దాకా వెళ్లి, అక్కణ్నుంచి వెలుగుతో పాటు రోడ్డు మీదికి రావాలి. తొందరేమీ లేదు, ఒక్కో మెట్టే ఎక్కుదాం.

మీ ఊరివాళ్లకు ఇది ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు. తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి విజయవాడ వైపు నుంచి వచ్చి కొత్తగూడెం, భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపు సాగుతుంది. పగలూ రాత్రీ లారీలు, బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఊరు దాటితే వీధిదీపాలు ఉండవు, మామిడితోటల నీడ చీకటిని ఇంకా చిక్కన చేస్తుంది. ఆ చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఉండవచ్చు, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ గేదె ఉండవచ్చు, ఆరబోసిన మొక్కజొన్న చుట్టూ పేర్చిన రాళ్లు ఉండవచ్చు. బండి నడిపే మనిషికి అవి ముందుగా కనబడితేనే ప్రాణం నిలుస్తుంది.

పాత బండి అంటే ఏ కాలం నాటిది?

మోటారు సైకిళ్లు పుట్టిన కొత్తలో వాటికి కరెంటు దీపాలే లేవు. ఒక చిన్న డబ్బాలో కార్బైడ్ ముక్కలు వేసి, వాటి మీద నీటి చుక్కలు పడేట్టు చేసేవారు. అప్పుడు పుట్టే ఎసిటిలీన్ వాయువును వెలిగిస్తే తెల్లని మంట వచ్చేది. మామిడికాయలను దొంగచాటుగా మాగబెట్టేవాళ్లు వాడే కార్బైడ్ ఉందే, చట్టం నిషేధించిన ఆ పదార్థమే ఒకప్పుడు మోటారు సైకిలుకు దారి చూపింది. ఆ తర్వాత ఇంజనుతో పాటు తిరిగే చిన్న విద్యుత్ యంత్రం వచ్చి, కార్బైడ్ డబ్బా మూలపడింది.

మన దేశంలో బుల్లెట్ల తయారీకి పునాది పడింది 1955లో. ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో దాని ఫ్యాక్టరీ ఉండేది. 1961లో మైసూరులో జావా బళ్ల తయారీ మొదలైంది, తర్వాత వాటికే యెజ్డీ అనే పేరు వచ్చింది. ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ తెచ్చింది. వాటిలో చాలా బళ్లు 6 వోల్టుల కరెంటు మీద నడిచేవి. అప్పటి రోడ్లకు, అప్పటి వేగాలకు, రాత్రిపూట తిరిగే కొద్దిపాటి వాహనాలకు ఆ వెలుగు సరిపోయింది. ఇప్పుడు ఆ బండి అదే అయినా అది తిరిగే రోడ్డు మారిపోయింది.

యాక్సిలరేటర్ ఇస్తే లైటు ఎందుకు పెరుగుతుంది?

ఇక నీ మొదటి ప్రశ్న. బండిలో కరెంటు పుట్టించే యంత్రాన్ని డైనమో అనో, ఆల్టర్నేటర్ అనో, మ్యాగ్నెట్ కాయిల్ అనో పిలుస్తారు. పేరు ఏదైనా సూత్రం ఒక్కటే. రాగి తీగ చుట్ట ముందు అయస్కాంతం కదిలితే, లేదా అయస్కాంతాల మధ్య తీగచుట్ట తిరిగితే, తీగలో విద్యుత్తు పుడుతుంది. ఈ సంగతిని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన చెప్పిన దానిలో మనకు కావలసింది ఇదీ: అయస్కాంత ప్రభావం ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే అయస్కాంతమూ నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి వోల్టేజి తక్కువ. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజనుతో పాటు వోల్టేజీ పెరుగుతుంది, దానితో లైటూ పెరుగుతుంది.

అయితే అన్ని బళ్లలో ఇలా జరగదు. కొన్నింటిలో యంత్రం నుంచి వచ్చిన కరెంటు ముందు బ్యాటరీలోకి వెళ్లి, అక్కణ్నుంచి లైటుకు వస్తుంది. కొన్నింటిలో లైటు నేరుగా కాయిల్ నుంచే వెలుగుతుంది. మీ తాతయ్య బండి ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ఇంజను ఆపి, తాళం తిప్పి, లైటు స్విచ్ వేసి చూడండి. హెడ్‌లైటు వెలిగితే అది బ్యాటరీ రకం. ఇంజను తిరిగితేనే వెలుగుతుందంటే కాయిల్ రకం. కాయిల్ రకానికి వేగంతో లైటు హెచ్చుతగ్గులు కావడం సహజం. బ్యాటరీ రకంలో మాత్రం అంత తేడా రాకూడదు. వస్తోందంటే బ్యాటరీ బలహీనపడిందనో, చార్జింగ్ సరిగా లేదనో అర్థం.

ఈ చిన్న పరీక్ష చేయకుండానే చాలామంది బల్బు కొనడానికి పరుగెత్తుతారు. బ్యాటరీ చచ్చిపోయిన బండికి ఎంత ఖరీదైన బల్బు పెట్టినా డబ్బు దండగే.

ఎర్రగా ఎందుకు కనబడుతుంది?

పాత బల్బులో వెలిగేది ఫిలమెంటు, అంటే టంగ్‌స్టన్ అనే లోహంతో చేసిన సన్నని తీగచుట్ట. లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడికి కరిగేది ఇదే. దాని ద్రవీభవన స్థానం సుమారు 3,420 డిగ్రీల సెల్సియస్. కరెంటు పారినప్పుడు ఈ తీగ రెండున్నర వేల డిగ్రీలకు అటూ ఇటూగా కాగి వెలుగునిస్తుంది. వేడి తగ్గితే వెలుగు తగ్గడమే కాదు, రంగు కూడా ఎరుపు వైపు జరుగుతుంది. నువ్వు చూసిన ఎర్రదనం ఇదే. ఫిలమెంటుకు చాలినంత కరెంటు అందడం లేదని ఆ రంగే చెబుతోంది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. వోల్టేజి కొంచెం తగ్గితే వెలుగు కొంచెమే తగ్గుతుందని మనం అనుకుంటాం. ఫిలమెంటు బల్బులో అలా జరగదు. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. వోల్టేజి 20 శాతం తగ్గితే వెలుగులో సగానికి పైగా పోతుంది. ఎందుకంటే నష్టం రెండు విధాల జరుగుతుంది. ఫిలమెంటుకు అందే శక్తి తగ్గుతుంది. అందిన ఆ కాస్త శక్తిలోనూ కంటికి కనబడే కాంతిగా మారే వాటా తగ్గి, కనబడని వేడిగా పోయే వాటా పెరుగుతుంది.

దారిలో పోయే వెలుగు

ఇప్పుడు అసలు చోటుకు వచ్చాం. యంత్రంలో పుట్టిన వోల్టేజి మొత్తం బల్బు దాకా చేరుతుందా? చేరదు. తోటలో బోరు దగ్గర నీళ్లు జోరుగా పడుతున్నా, పొడవాటి సన్నని పైపు చివర, అందులోనూ అతుకుల దగ్గర పాచి పట్టి ఉంటే, ధార సన్నబడుతుంది. వైర్లలోనూ ఇదే జరుగుతుంది. పాత బండిలో కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి తాళం స్విచ్, లైటు స్విచ్, హ్యాండిల్ మీది డిప్పర్ స్విచ్, నాలుగైదు జాయింట్లు, బల్బు హోల్డర్ దాటి, బండి ఇనుప శరీరం గుండా ఎర్త్ అయి వెనక్కి రావాలి. ముప్ఫై నలభై ఏళ్ల వానకూ దుమ్ముకూ ఆ జాయింట్లన్నీ చిలుమెక్కి ఉంటాయి. చిలుము, తుప్పు కరెంటు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. ఆ అడ్డంకినే మీ పాఠ్యపుస్తకం నిరోధం అంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద వెలగాలంటే దాదాపు 6 ఆంపియర్ల కరెంటు కావాలి. అదే 35 వాట్లు 12 వోల్టుల మీద అయితే దాదాపు 3 ఆంపియర్లు చాలు. దారి మొత్తం మీద నిరోధం 0.2 ఓమ్ అనుకుందాం. కంటికి కనబడనంత చిన్న అడ్డంకి అది. ఓమ్ సూత్రం ప్రకారం 6 వోల్టుల బండిలో 6 ఆంపియర్లను 0.2తో గుణిస్తే 1.2 వోల్టులు. అంటే ఆరింట ఐదో వంతు దారిలోనే పోయింది. 12 వోల్టుల బండిలో 3 ఆంపియర్లను 0.2తో గుణిస్తే 0.6 వోల్టులు. పన్నెండింట ఇరవయ్యో వంతే పోయింది. ఉజ్జాయింపు లెక్కే అయినా తేడా తెలుస్తోంది కదా! ఒకే వైరు, ఒకే చిలుము, ఒకే వాట్ల బల్బు. అయినా 6 వోల్టుల బండికి నష్టం నాలుగు రెట్లు.

ఐదో వంతు వోల్టేజి పోతే సగానికి పైగా వెలుగు పోతుందని ఇందాకే చూశాం. కాబట్టి మీ తాతయ్య బండి లైటు మసగ్గా ఉండడంలో బల్బు తప్పు ఏమీ ఉండకపోవచ్చు. బల్బుకు రావలసిన వెలుగు చిలుము పట్టిన జాయింట్లలో వేడిగా మారి పోతుండవచ్చు. దాన్ని రాబట్టుకోవడానికి కావలసింది గరుకు కాగితం, కొత్త వైరు, కాస్త ఓపిక.

పెద్ద బల్బు పెడితే ఏమవుతుంది?

"35 వాట్లు చాలకపోతే 60 వాట్లది పెడదాం" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. హాలోజెన్ బల్బు మంచిదే. అందులో అయొడిన్, బ్రోమిన్ వంటి మూలకాల ఆవిరి కొద్దిగా ఉంటుంది. వేడికి ఫిలమెంటు నుంచి ఎగిరిపోయిన టంగ్‌స్టన్ పరమాణువులను అది పట్టుకుని మళ్లీ ఫిలమెంటు దగ్గరికే చేరుస్తుంది. అందువల్ల గాజు నల్లబడదు, ఫిలమెంటును మరింత వేడి మీద వెలిగించవచ్చు. ఐరోపాలో కార్లకు ఇలాంటి బల్బు 1962లో వచ్చింది. హైబీమ్, లోబీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం 1971లో వచ్చింది. ఈ రోజుకీ మన బజారులో దొరికేది అదే. దానిమీద 60/55 అని రాసి ఉంటుంది. హైబీమ్‌కు 60 వాట్లు, లోబీమ్‌కు 55 వాట్లు అని దాని అర్థం.

కానీ ఆ 60 వాట్లు ఎక్కణ్నుంచి రావాలి? పాత 250 సీసీ జావా డైనమో పూర్తిగా పనిచేసినా ఇచ్చేది 45 వాట్లు. అందులోంచే హెడ్‌లైటు, వెనక లైటు, మీటరు బల్బు వెలగాలి, హారన్ మోగాలి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి. 60 వాట్ల బల్బు పెడితే యంత్రం ఇవ్వలేని లోటును బ్యాటరీ పూడ్చాలి. కాసేపు పూడ్చి, అదీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ మీద ఆధారపడి నిప్పురవ్వ పుట్టే బండి అయితే లైటుతో పాటు ఇంజనూ ఆగిపోతుంది. నడిరాత్రి మైలవరం, తిరువూరుల మధ్య తోటల్లో బండి ఆగిపోవడం కంటే మసక లైటుతో ఇల్లు చేరడమే మేలు. అందుకే బల్బు కొనేముందు బండి ఎన్ని వాట్లు పుట్టించగలదో తెలుసుకోవాలి.

మామయ్య చెప్పిన ఎల్‌ఈడీకి బలం ఇక్కడే ఉంది. ఎల్‌ఈడీలో వేడెక్కే తీగ ఉండదు. ఒక చిన్న అర్ధవాహక పలుకు గుండా కరెంటు పారినప్పుడు నీలికాంతి పుడుతుంది. దాని మీద పూసిన పసుపు రంగు పదార్థం ఆ నీలికాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనబడతాయి. ఈ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పాత బల్బు తాగే కరెంటులో మూడో వంతుతోనే అంత వెలుగూ ఇవ్వగలదు కాబట్టి, తక్కువ వాట్లు పుట్టించే పాత బండికి ఎల్‌ఈడీ నిజంగా వరమే. మరి తాతయ్య ఎందుకు వద్దంటున్నాడు?

ఒక్క మిల్లీమీటరు చేసే తేడా

హెడ్‌లైటు లోపల వెండిలా మెరిసే గిన్నె ఉంటుంది చూశావా? మెకానిక్కులు దాన్ని డూమ్ అంటారు. అది ఊరికే గుండ్రంగా వంచిన రేకు కాదు. పరావలయం అనే వంపుతో లెక్కకట్టి చేసిన దర్పణం. ఆ వంపులో నాభి అనే ఒక బిందువు ఉంటుంది. నాభి దగ్గర పుట్టిన కాంతి ఆ దర్పణం మీద పడి, ఒకదానికొకటి సమాంతరంగా సాగే కిరణాలై ముందుకు దూసుకుపోతుంది. బల్బును తయారుచేసేవాళ్లు ఫిలమెంటు సరిగ్గా అక్కడికే వచ్చేట్టు కొలతలు పెడతారు. హెచ్4 బల్బులో లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే కాంతిని ఆపేస్తుంది. ఆ కాంతి దర్పణం కింది సగం మీద పడితే పైకి తిరిగి ఎదుటివాడి కళ్లలోకి పోయేది.

కాంతి పుట్టే చోటు నాభి నుంచి ఒక్క మిల్లీమీటరు పైకో కిందికో జరిగితే ఏమవుతుంది? దర్పణానికీ నాభికీ మధ్య దూరం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. నువ్వు చదువుకున్న సరూప త్రిభుజాల లెక్కే ఇది. 25 మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు తప్పితే, 25 మీటర్లకు 1 మీటరు తప్పుతుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు పాతిక మీటర్ల దూరంలో మీటరు ఎత్తుకు లేచి, ఎదురొచ్చే మనిషి ముఖం మీద పడుతుంది. లేదా మరీ కిందికి దిగి ముందు చక్రం దగ్గరే పోగుపడుతుంది.

ఫిలమెంటు సన్నని గుండ్రటి చుట్ట. అది అన్ని వైపులా సమానంగా వెలుగు చిమ్ముతుంది. దాని బదులు పెట్టే ఎల్‌ఈడీ బల్బులో ఒక లోహపు పలక రెండు పక్కలా చదునైన పలుకులు అతికించి ఉంటాయి. కాంతి పుట్టే చోటు, పరుచుకునే తీరు రెండూ ఫిలమెంటుతో సరిపోలవు. ఆ డూమ్ ఫిలమెంటు కోసం చేసింది కాబట్టి ఈ కాంతిని సరిగ్గా మలచలేదు. అందువల్ల వెలుగు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. చక్రం ముందు తెల్లగా మెరుస్తుంది, చెట్ల కొమ్మలు కూడా కనబడతాయి. దూరాన ఉన్న గేదె మాత్రం కనబడదు. పైగా దగ్గరి నేల మరీ తెల్లగా ఉంటే మన కంటిపాప ముడుచుకుని, దూరపు చీకటి మరింత చీకటిగా కనబడుతుంది. నీలి ఛాయ ఎక్కువున్న తెల్లకాంతి పెద్దవాళ్ల కంటి కటకంలో ఎక్కువ చెదిరి ఇబ్బంది పెడుతుంది. తాతయ్య భయం ఊరికే పుట్టింది కాదు.

మరి ఎలా చేయాలి?

ఇంతవరకు ఎందుకు అనేది చూశాం. ఇక ఎలా అనేదానికి వరస దానంతట అదే వస్తుంది. కరెంటు నడిచిన దారినే మనమూ నడవాలి.

మొదటి పని, కొలవడం. మల్టీమీటరుతో లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడాలి, తర్వాత బల్బు హోల్డర్ దగ్గర చూడాలి. రెంటికీ మధ్య తేడా దారిలో పోయినదే. కాయిల్ నుంచి నేరుగా వెలిగే బండికి మీటరును ఏసీ మీద పెట్టి, ఇంజను తిరుగుతుండగా కొలవాలి.

రెండో పని, దారి బాగుచేయడం. జాయింట్లన్నీ విప్పి, గరుకు కాగితంతో చిలుము గీకి, మళ్లీ గట్టిగా బిగించాలి. డిప్పర్ స్విచ్ లోపలి రాగి బిళ్లలు శుభ్రం చేయాలి. హెడ్‌లైటు నుంచి బ్యాటరీ ఎర్త్ దాకా విడిగా ఒక వైరు లాగితే తుప్పు పట్టిన బాడీ మీద ఆధారపడే పని తప్పుతుంది. బ్యాటరీ రకం బండి అయితే రిలే పెట్టించడం చాలా మంచిది. రిలే ఉంటే హ్యాండిల్ మీది పాత స్విచ్ గుండా కొద్దిపాటి కరెంటే పోతుంది. బల్బుకు కావలసిన పెద్ద కరెంటు ఫ్యూజు ఉన్న పొట్టి, లావు వైరు గుండా నేరుగా వెళ్తుంది. ఇంగ్లండు బళ్ల పద్ధతిలో చేసిన కొన్ని పాత బళ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా కొత్త సామాను కలిపితే కాలిపోతుంది.

మూడో పని, డూమ్ చూడడం. లోపలి మెరుపంతా అల్యూమినియం ఆవిరితో వేసిన అతి పలుచని పొర. గుడ్డతో తుడిస్తే అది గీతలు పడి చెడిపోతుంది. మచ్చలు పడి, పొర లేచి ఉంటే డూమ్ మార్చాల్సిందే. బుల్లెట్ హెడ్‌లైటు 7 అంగుళాలది. పాత జీపులకూ అంబాసిడర్ కార్లకూ అదే కొలత కాబట్టి మీకు దగ్గరలో ఉన్న విజయవాడ ఆటోనగర్‌లో అది దొరకడం కష్టం కాదు. కొనేటప్పుడు ఒకటి అడగాలి. మనం రోడ్డుకు ఎడమ వైపున నడిపేవాళ్లం. మన లోబీమ్ ఎడమ అంచును ఎక్కువ దూరం చూపించి, కుడి పక్క తగ్గి ఉండాలి. కుడి వైపున నడిపే దేశాల కోసం చేసినది పెడితే అది నేరుగా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

ఈ మూడు పనులు అయ్యాక అదే 35 వాట్ల బల్బుతో ఒక రాత్రి నడిపి చూడమని తాతయ్యకు చెప్పు. చాలామందికి అక్కడితోనే అవసరం తీరిపోతుంది.

ఇంకా కావాలంటే నాలుగో పని, 12 వోల్టులకు మారడం. కాయిల్ లేదా ఆల్టర్నేటర్, రెగ్యులేటర్, బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్, హారన్, బల్బులన్నీ మార్చాలి. ఖర్చుతో కూడిన పనే, కానీ వైర్లలో నష్టం తగ్గుతుందని లెక్కలోనే చూశాం. తర్వాతి బుల్లెట్లు 12 వోల్టులతోనే వచ్చాయి కాబట్టి తెలిసిన మెకానిక్‌కు ఇది కొత్త పని కాదు. హాలోజెన్ పెట్టదలిస్తే బండి పుట్టించే వాట్లకు లోబడిన 35/35 రకం ఎంచుకోవాలి. దాని గాజును వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు పగులుతుంది.

ఎల్‌ఈడీయే కావాలంటే బల్బు ఒక్కటే కాకుండా ఎల్‌ఈడీ కోసమే చేసిన కటకం, దర్పణం ఉన్న పూర్తి 7 అంగుళాల యూనిట్ తీసుకోవాలి. దానికి నిలకడైన డీసీ కరెంటు ఇవ్వాలి. కాయిల్ నుంచి నేరుగా ఏసీ ఇస్తే మిణుకుమిణుకుమంటుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి పోతుంది కాబట్టి హెడ్‌లైటు డబ్బాలో గాలి ఆడేందుకు చోటు ఉండాలి. ఇలా చేస్తే మామయ్య కోరిక తీరుతుంది, తాతయ్య భయమూ తీరుతుంది.

గోడ దగ్గర చేసే పరీక్ష

ఏ లైటు పెట్టినా చివరి పని ఒకటి మిగులుతుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపాలి. నడిపే మనిషి దాని మీద కూర్చోవాలి. హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీయాలి. లోబీమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద ఉండాలి. లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, 10 మీటర్లకు 15 సెంటీమీటర్లు దిగుతుంటే, ఆ వెలుగు 60 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. వెనక మనిషి కూర్చున్నా, పాల క్యాన్లు కట్టినా బండి వెనక భాగం దిగి లైటు పైకి లేస్తుంది. అలా బరువుతో తిరిగే బండి అయితే ఆ బరువుతోనే సరిచూడాలి.

ఆ 60 మీటర్లు ఎందుకు ముఖ్యమో ఆఖరి లెక్క చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డు కనబడి, మనిషి తేరుకుని బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు గడిచిపోతాయి. పాత బండి డ్రమ్ బ్రేకు బాగా పట్టినా ఆగడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 53. అంటే లోబీమ్ మీద 60 కిలోమీటర్ల వేగమే హద్దు. 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 80 మీటర్లకు పైనే పడుతుంది. అడ్డు కనబడే సమయానికే ఆలస్యమైపోతుంది.

చట్టం కూడా ఎదుటివాడి కంటిని గుర్తుపెట్టుకుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ప్రకారం ముందు లైటు కిందికి వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలిగించకూడదు. ఇంకో మాట. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్ర ప్రభుత్వం కల్పించింది. మీ బండి ఆ వయసుకు దగ్గర పడుతుంటే దాని అసలు డూమ్, స్విచ్, హోల్డర్ పారేయకుండా ఒక డబ్బాలో దాచి ఉంచండి. హెడ్‌లైటు డబ్బాను కోసో, రేకుకు రంధ్రాలు చేసో కొత్త లైటు బిగించవద్దు. రేపు మళ్లీ పాత రూపం కావాలంటే తేలిగ్గా వస్తుంది.

కాబట్టి అమ్మాయీ, ముందు పోతున్న వెలుగును రాబట్టుకోండి, అది చాలకపోతేనే కొత్తది కొనండి. తాతయ్యతోనూ మామయ్యతోనూ ఈ ఆదివారం మీటరు, గరుకు కాగితం, సుద్దముక్క పట్టుకుని కూర్చోండి. మీ లైటు ఎంత మంచిదైనా, ఎదురుగా బండి కనబడగానే డిప్పర్ వేయడం మాత్రం మరిచిపోవద్దని ఇద్దరికీ చెప్పు. ఎదురొచ్చే మనిషికి రోడ్డు కనబడితేనే మీ వాళ్లకూ క్షేమం.